ఏరు దాటని సైన్యం

కొరియర్ బార్దూ సత్రం మంచం మీద చచ్చిపడి ఉన్నాడు. పక్కన తోలు సంచి తెరిచి ఉంది. అందులో ఉండాల్సిన రష్యా జార్ ఉత్తరం లేదు.

1812 జూన్ 23. ఉదయం 10.20.

ఆ సంధి ఉత్తరం పన్నెండుకల్లా ఫ్రెంచి చక్రవర్తి గుడారానికి చేరాలి. లేదంటే నాలుగు లక్షల ఫ్రెంచి సైన్యం నీమన్ నది దాటి రష్యా మీద పడుతుంది.

ఇన్‌స్పెక్టర్ సెవెరిన్ బిల్మిన్ మూడు గంటలుగా సత్రమంతా గాలించాడు. ఒక్క క్లూ లేదు. ఒళ్లు మండిపోతోంది. అతను పోలండ్ వాడు. అన్న నది అవతల, రష్యావాళ్ల విల్నా జైల్లో ఆరేళ్లుగా మగ్గుతున్నాడు. ఫ్రెంచివాళ్లు ఏరు దాటితే తప్ప ఆ తలుపు తెరుచుకోదు. యుద్ధం రావాలని మొక్కుకునేవాడికే ఈ కేసు అంటగట్టారు.

సత్రంలో ఉన్నది ముగ్గురే. శవాన్ని ఏడింటికి మొదట చూసింది పారిస్ నుంచి వచ్చిన కెప్టెన్ లవెర్న్. వెంటనే గదికి తాళం వేసి జేబులో పెట్టుకున్నాడు. ఫ్రెంచి బ్రాందీ వ్యాపారి గాస్పార్ తెల్లవారినప్పటి నుంచీ సైనికుల మధ్యే ఉన్నాడు. సత్రం యజమానురాలు, పోలండ్ మనిషి పెట్రొనెలా అయిదింటికి గుమ్మంలోనే బీరుతో కాచిన చారు అందించి వచ్చానంది. లోపల అడుగు పెట్టలేదట.

11.05. సెవెరిన్ మళ్లీ గదిలోకి వెళ్లాడు. గోడ అద్దం మీద దుప్పటి కప్పి ఉంది. పొద్దుటి నుంచి నాలుగుసార్లు చూశాడు. చూసీ పట్టించుకోలేదు. మన పోలండ్ ఇళ్లలో ప్రాణం పోతే ముందు అద్దం కప్పేస్తాం. కప్పకపోతేనే వింత.

"కెప్టెన్, మీరు తలుపు తీసేసరికి ఆ దుప్పటి ఉందా?"

"ఉంది."

"మీరు కప్పలేదు కదా?"

"అద్దాన్ని ఎవడు కప్పుతాడయ్యా?"

సెవెరిన్ తనను తాను తిట్టుకున్నాడు. ముగ్గురినీ వంటింట్లో కూర్చోబెట్టాడు. ఏడింటికి ముందే బార్దూ పోయాడని ఒకరికి తెలుసనీ, అద్దం కప్పిన ఆ మనిషి పోలండ్ వాళ్లేననీ చెప్పాడు. ఇక మిగిలింది పెట్రొనెలా ఒక్కతే.

ఆమె పోలిష్‌లో మాట్లాడింది. మిగతా ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు.

"చంపాలని కాదు బాబూ. నిద్రపోతాడని చారులో గసగసాల కాయల కషాయం కలిపా. ఉత్తరం తీసుకుందామని వెళితే ఊపిరి లేదు. చెయ్యి దానంతటదే దుప్పటి లాగి అద్దం మీద కప్పింది."

"ఉత్తరం ఎక్కడ?"

"పిండి తొట్టిలో. విల్నా జైల్లో మా ఆయనా మీ అన్నా ఉండేది ఒకే గదిలో. ఇంకో అరగంట వెతుకుతూ ఉండు. నిన్ను ఎవరేమంటారు?"

11.30. కిటికీ అవతల గడ్డి మీద సైనికులు చొక్కాలు ఆరేసుకుంటున్నారు. ఏరు దాటితే వాళ్లలో సగం మంది తిరిగి రారు. ఆ సంగతి సెవెరిన్‌కు తెలుసు. తెలిసినందుకు ఏడుపొచ్చింది. పిండిలో చెయ్యి పెట్టి ఉత్తరం బయటికి తీశాడు. పెట్రొనెలా అతని మొహం చూడలేదు.

11.50కి ఉత్తరం గుడారానికి చేరింది. పన్నెండున్నరకు సైన్యం వెనక్కి తిరిగింది.

కెప్టెన్ అతని భుజం తట్టి ఏం కావాలో కోరుకోమన్నాడు. విల్నా జైల్లో ఉన్న అన్నను విడిపించమని సెవెరిన్ అడిగాడు.

కెప్టెన్ నిజంగానే నొచ్చుకున్నాడు.

"నిన్నయితే చూసేవాళ్లం. ఇవాళ్టి నుంచి రష్యా మనకు స్నేహదేశం. వాళ్ల ఖైదీల సంగతిలో మనం వేలు పెట్టకూడదు."