వాల్వు తిప్పకముందే

కరుణాకర్ బ్యాగు జిప్పు పడటం లేదు. కరీంనగర్‌లో అక్క దీపిక అద్దెకుంటున్న ఇంట్లో, బ్యాగు మీద మోకాలు పెట్టి నొక్కుతున్నాడు. గడపలో రమ ఉన్ని స్వెట్టర్ పట్టుకుని నిలబడి ఉంది.

"గిదొక్కటి పట్టియ్యి."

"గిది పట్టాలంటే జొన్నరొట్టెలు తియ్యాలె. తీస్తే మా అక్క ఊకోదు."

"నేను ఊకుంట గని, ముందుగాల ఆ పిల్లను లోపటికి రమ్మనురా!" వంటింట్లోంచి దీపిక కేకేసింది.

కరుణాకర్, రమల పరిచయం ఆ వానాకాలపుదే. అదీ, మధ్యలో మాస్కు అడ్డంగా ఉండగా.

కరుణాకర్ జేసీబీ నడుపుతాడు. లడఖ్‌లో కొండరోడ్ల పనికి పిలుపు వచ్చింది. అంత ఎత్తున గాలి పలచన. అందుకని వెళ్ళేవాళ్ళను ముందుగా ఒక మెడికల్ కాలేజీ ల్యాబులో పరీక్షించేవారు. ముఖానికి మాస్కు, ఛాతీకి వైర్లు, వేలికి క్లిప్పు. తెర వెనక టెక్నీషియన్ వాల్వు తిప్పితే ఆక్సిజన్ తక్కువున్న గాలి వస్తుంది. అప్పుడు గుండె తనంతట తానే వేగం పెంచుకోవాలి. ఎప్పుడు తిప్పేదీ కూర్చున్నవాడికి తెలియకూడదు. ఆ టెక్నీషియన్ రమ.

మొదటిరోజు అతని గుండె వాల్వు తిప్పకముందే ఎగిరింది. మళ్ళీ చేసినా అంతే.

"ఇది బెదురు గుండెలా ఉంది. రేపు కూడా ఇట్లనే ఉంటే అన్‌ఫిట్ రాస్తాను" అని డాక్టరుగారు వెళ్ళిపోయారు.

"మంచి గాలికే గంత భయమా మీకు?" మాస్కు విప్పుతూ రమ అడిగింది.

"భయం కాదు మేడం. తెర ఎనుక గలగలమంటది. మీరు లేసిండ్రని ఎరుకైతది. ఇగ నా గుండె గూడ లేస్తది."

రమ చేతులు చూసుకుంది. అన్న పెండ్లని గాజులాయన ఇంటికొచ్చి ఆడవాళ్ళందరికీ చేతుల నిండా గాజులు తొడిగి పోయాడు. పెండ్లి అయ్యేదాకా తీయొద్దని తల్లి గట్టిగా చెప్పింది. ఆ గాజులతోనే ల్యాబుకు వచ్చింది. వాల్వు మీద చెయ్యి వేసినప్పుడల్లా అవి మోగాయి.

ఈ సంగతి డాక్టరుగారికి తెలియదు. తాను గాజుల మాట ఎత్తకుండా ఊరుకుంటే చాలు, అతను అన్‌ఫిట్. ఎక్కడికీ పోడు, ఈ ఊళ్ళోనే ఉంటాడు. ఇంటికి పోయే బస్సులో, కిటికీ మీద వానజల్లు కొడుతుంటే రమ అదే అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఆ పని కోసం ఎంతగా ఎదురుచూశాడో పొద్దున అతను సంబరంగా చెప్పిన మాటలు చెవిలోనే ఉన్నాయి.

తెల్లవారి గాజుల మీదుగా బ్యాండేజీ గుడ్డ చుట్టుకుని వచ్చింది.

"అయ్యో, చేతులకేమైంది మేడం? దెబ్బ తాకిందా?"

మానిటర్ మీద అంకె పైకి పాకింది.

"ఏం కాలే. గాజులు తీస్తే అవ్వ తిడ్తది, తియ్యకుంటే నీ గుండె ఊకోదు. సప్పుడు జెయ్యక కండ్లు మూసుకో. నన్ను యాది చేసుకోకు."

"గదొక్కటే కష్టం."

"పరీక్ష అయినంక చేసుకో, జర!"

ఈసారి ఏమీ మోగలేదు. రమ వాల్వు తిప్పింది. ఆక్సిజన్ తగ్గుతూ వచ్చింది, దాని వెంటే గుండె వేగం మెల్లగా, పద్ధతిగా పెరిగింది. ఎంత చక్కటి గుండె! రమకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డాక్టరుగారు చూసి "ఫిట్" అన్నారు.

"మేడం, ఇప్పుడు యాది చేసుకోవచ్చా?"

రమ తెర వెనక్కి పోయి నవ్వుకుంది.

ఇవాళ అక్క ఇంటి బయట ఆటో హారన్ కొట్టింది. దీపిక వచ్చి రొట్టెల మూట బయటికి తీసింది, ఆ చోటులో స్వెట్టర్ పెట్టి జిప్పు లాగేసింది.

"రొట్టెలు చేతిల పట్టుకపో. దసరాకు రా, వీళ్ళింటికి పోయి నేనే మాట్లాడుత."

"మీ అవ్వ ఒప్పుకుంటదా?" కరుణాకర్ రమను మెల్లగా అడిగాడు.

"నేనైతే ఒప్పుకున్న. అవ్వ ఫికర్ నాకిడిసిపెట్టు."

ఆటో మలుపు తిరిగేదాకా అతను తల బయటపెట్టి చూస్తూనే ఉన్నాడు. రమ తడుస్తూ నిలబడింది. ఇప్పటికీ ఆ వీధిలోంచి పోతే ఆమె నడక నెమ్మదిస్తుంది.

దసరాకు సెలవు దొరకలేదు. 2019 ఫిబ్రవరిలో, అతను మంచు తీస్తున్న రోడ్డు మీద కొండచరియ విరిగిపడింది. కరుణాకర్ తిరిగి రాలేదు.