గంగాభవాని సీటు

ఆమె నా బస్సుకు అడ్డంగా నిలబడింది. నెత్తిన అంచుకు నీలం వలతాడు చుట్టిన చేపల గంప, పైన వాన. హారన్ కొట్టాను. కదల్లేదు. ఇంకోసారి కొట్టాను. గంప సర్దుకుని నా వైపు చూసింది, అంతే.

గట్టిగా బ్రేకు తొక్కాను. ఆమెకు జానెడు దూరంలో బస్సు ఆగింది.

"చావాలనుందా నీకు?" కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాను.

"నిన్న ఆపకుండా పోయింది నువ్వే గదా? మొన్న కూడా నువ్వే," అంది ఆమె. "ఈ పొద్దు ఆపినావు. అంటే నీ బండికి బ్రేకులు ఉండాయన్నమాట."

వెనక కండక్టర్ అన్వర్ నవ్వాడు. వాడు నా మాటకు ఎప్పుడూ నవ్వలేదు.

కావలి నుంచి సముద్రం ఒడ్డు పల్లెలకు పోయి వచ్చే బస్సు అది. నడిమిపాళెం స్టాపులో చేపలమ్మే ఆడవాళ్ళు గంపలతో నిలబడేవాళ్ళు. ఎక్కించుకుంటే బస్సులో వాళ్ళు కంపు అని తిడతారు. ఎక్కించుకోకపోతే వీళ్ళు తిడతారు. వీళ్ళ తిట్లు రోడ్డు మీదే ఉండిపోతాయి. అందుకని డ్రైవర్లమందరం ఆపకుండా పోయేవాళ్ళం.

"సరే, ఎక్కు. గంప టాపు మీద పెట్టు."

"టాపు మీద పెడితే కాకులు తింటాయి. కాకులకు టికెట్ కొడతాడా మీ కండక్టరు?"

"లోపల పెడితే నీళ్ళు కారతాయి."

"నీ బస్సులో వాన నీళ్ళు కారతా ఉండాయి గదా. వాటిని దించేసినావా?"

నిజమే. టాపు కారుతోంది. ముందు సీట్లో ఒకాయన గొడుగు వేసుకుని కూర్చున్నాడు.

"అన్నా, టైమైపోతా ఉంది," అన్నాడు అన్వర్. "మనం గెలిచేటట్టు లేదు. ఎక్కించుకుందాం."

ఆమె ఎక్కింది. గంపను నా సీటు వెనకాల పెట్టింది. గొడుగాయన వాసన తట్టుకోలేక లేచి వెనక్కి పోయాడు. ఆ ముందు సీట్లో ఆమె కూర్చుంది. కావలిలో దిగుతూ, "పోయొస్తా డ్రైవరూ. రేపు ఇదే టైముకు," అంది, నేనేదో ఆమె సొంత కారు నడుపుతున్నట్టు.

మర్నాడు నడిమిపాళెంలో ఆపాను. ఆ మర్నాడు కూడా.

"అన్నా, లోపలి అద్దం ఇట్టా వంచినావే?" అన్నాడు అన్వర్ ఒకరోజు.

"వెనక వచ్చే బండ్లు కనబడాల."

"వెనక వచ్చే బండ్లు ముందు సీట్లో కూర్చుంటాయా అన్నా?"

ఆమె విననట్టే కిటికీ బయటికి చూసింది. కాసేపటికి నెమ్మదిగా అంది. "రోడ్డు అటు ఉండాది డ్రైవరూ."

ఆమె పేరు గంగాభవాని. నా పేరు కామాక్షయ్య అని తెలిశాక కూడా ఆమె నన్ను డ్రైవరూ అనే పిలిచింది. పెళ్ళయ్యాకా అంతే. ఆసుపత్రి మంచం మీదా అంతే.

మాది చిట్టమూరు పక్క పల్లె. చదివింది ఊరి బళ్ళోనే. పిల్ల సంగతి చెబితే మావాళ్ళు చేపలమ్మే పిల్లా అని మూతి తిప్పారు. ఆ రోజు నుంచి వాళ్ళతో మాట మానేశాను. వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. లేకపోయినా సరే.

ఆమె తండ్రి వెంకయ్య ఇసుకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. ఆయన తల ఎత్తలేదు.

"తల్లి లేని పిల్ల. ఇచ్చేస్తే మళ్ళా కనబడాల గదా," అన్నాడు. "ఈ రూటు వదలనని చెప్పు. ఇస్తా."

"వదలను."

"పైవాళ్ళు మారిస్తే?"

"మారనీయను."

ఆయన వల పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళి మాటలు అవే.

వదల్లేదు. తోటి డ్రైవర్లు హైదరాబాద్ బండ్లు కావాలని ఎగబడ్డారు. నేను డ్యూటీ చార్టు మారినప్పుడల్లా పోయి ఈ మట్టి రోడ్డే అడుక్కున్నాను. నాకు పిచ్చి అనుకున్నారు. ఆమె పుట్టింటికి పోవాలనుకున్న రోజు వచ్చి ముందు సీట్లో కూర్చునేది. టికెట్ వద్దన్నా కొట్టించుకునేది.

మా డిపోలో ఒక పద్ధతి ఉంది. డ్రైవరు రిటైరయ్యే రోజు బస్సుకు పూలు కడతారు. చివరి ట్రిప్పులో అతని భార్య ముందు సీట్లో కూర్చుంటుంది. తిరిగొచ్చాక గేటు దగ్గర ఇద్దరికీ దండలేస్తారు. ఎవరు రిటైరైనా ఆమె ఆ సంగతే అడిగేది.

"ఏం చీర కట్టుకునిందంట? నేనైతే ఆకుపచ్చ పట్టుచీర. టికెట్ కొట్టించుకునే కూర్చుంటా, నాకేం ఊరికే వద్దు."

"అప్పటికి ముసిల్దానివైపోతావు."

"నువ్వు కుర్రోడిగానే ఉంటావా? అద్దం నీ వైపు వంచుకుని చూసుకో."

రెండేళ్ళ కిందట జూన్‌లో ఆమె పోయింది. నెల్లూరు ఆసుపత్రిలో. కిడ్నీలు.

ఆమెకు ఒక్కడే తమ్ముడు, మస్తానయ్య. తల్లి పోయాక ఆమే వాణ్ణి ఎత్తుకుని పెంచింది. అక్క మంచం మీద ఉంటే వాడు రాలేదు. వేట నిషేధం అయిపోయి బోట్లు సముద్రం మీదికి పోయే రోజులవి. వాడూ పోయాడు. ఫోన్ కలవలేదు.

ఆమె నన్ను ఒకటే అడిగేది. "బోట్లు వచ్చినాయా డ్రైవరూ?"

"రాలేదు."

కళ్ళు మూసుకునేది. మళ్ళీ తెరిచి అదే మాట. అడిగి అడిగి పోయింది.

అంతా అయిపోయాక వాడు వచ్చి మా గేటు బయట నిలబడ్డాడు. ఒంటి మీద బోటు బట్టలే. నేను గేటు గొళ్ళెం పెట్టేశాను.

ఆ తర్వాత కూడా రోజూ నడిమిపాళెంలో బస్సు ఆపాల్సిందే. ఆపేవాణ్ణి. వాడు టీ అంగడి దగ్గర నిలబడి ఉండేవాడు. నేను రోడ్డు వైపే చూసేవాణ్ణి. వాడు బస్సెక్కలేదు, ఒక్క మాట అనలేదు. తప్పు చేసినవాడు ఏమంటాడు అనుకున్నాను.

ఈ డిసెంబర్ ముప్పై ఒకటిన నా డ్యూటీ అయిపోయింది.

పొద్దున డిపోలో షామియానా వేశారు. వెంకటాచలంలో కాపురం ఉంటున్న మా అమ్మాయి దుర్గ కేకు తెచ్చింది. రిటైర్మెంటుకూ కొత్త సంవత్సరానికీ కలిపి ఒకటే కేకు, మీద రెండు వరసలు రాయించింది. నాతోపాటు మెకానిక్ శివశంకర్ కూడా ఆ రోజే రిటైరవుతున్నాడు. మైకు తీసుకుని భార్యకు, పిల్లలకు, అత్తమామలకు, చివరికి క్యాంటీన్ వాడికి కూడా కృతజ్ఞతలు చెప్పి ఏడ్చాడు. పక్కన అతని భార్యా ఏడ్చింది. తర్వాత మైకు నాకిచ్చారు.

"బ్రేకులు చూసుకుని బండి తీయండి," అని చెప్పి కూర్చున్నాను.

చప్పట్లు కొట్టారు. దుర్గ కొట్టలేదు.

"ఎవరికీ థ్యాంక్స్ చెప్పవా నాయనా?"

"చెప్పాల్సిన మనిషి లేదు."

"ఉన్నోళ్ళకు చెప్పొచ్చు గదా."

"కేకు బాగుంది," అన్నాను.

బస్సుకు బంతిపూలు కట్టారు. దుర్గ ఎక్కి ముందు సీటు దగ్గరికి పోయింది. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. వాళ్ళమ్మ చీర.

"ఆడ వద్దు."

"అమ్మ బదులు నేను కూర్చుంటా నాయనా."

"అమ్మకు బదులు లేదు. ఆ సీటు ఖాళీగా పోయి ఖాళీగా రావాల."

నాకు ఆ రోజు కావాల్సింది అదొక్కటే. ఆమె లేదని ఆ సీటు చూసి అందరికీ తెలియాలి. దుర్గ దాని వెనక సీట్లో కూర్చుని కొంగుతో ముక్కు తుడుచుకుంది. అన్వర్ తన తువ్వాలు తీసి ముందు సీటు మీద పరిచాడు.

"ఎవరన్నా కూర్చుంటామంటే?" అన్నాను.

"రిజర్వేషన్ అని చెప్తాలే అన్నా. నా పెళ్ళామే వచ్చినా నిలబడాల్సిందే."

పోయేటప్పుడు ఎండ. తిరిగేటప్పుడు సముద్రం మీంచి వాన తుంపర మొదలైంది. వైపర్ వేశాను. అద్దం మీద వేలాడే బంతిపూలను అది ఒక్కొక్కటే తెంపి పారేసింది.

నడిమిపాళెం మలుపు తిరిగాను. రోడ్డు మధ్యలో మస్తానయ్య నిలబడి ఉన్నాడు. నెత్తిన గంప.

"అన్నా," అన్నాడు అన్వర్. ఈసారి నవ్వలేదు.

హారన్ కొట్టాను. కదల్లేదు. ఇంకోసారి కొట్టాను. గంప సర్దుకున్నాడు, అంతే. అంచుకు నీలం వలతాడు చుట్టిన గంప అది. ఆ తాడు ఎవరు చుట్టారో నాకు తెలుసు.

బ్రేకు తొక్కాను.

"పక్కకు జరుగు."

"ఎక్కాల బావా."

"అందరి మాదిరి స్టాపులో నిలబడు."

"స్టాపులో నిలబడితే నువ్వు నన్ను చూడవు గదా."

నా కిటికీ దగ్గరికి వచ్చాడు. గంపలోంచి నీళ్ళు మొహం మీద కారుతున్నాయి.

"నీ చివరి ట్రిప్పులో ముందు సీట్లో నేను కూర్చోవాల. అక్క చెప్పింది, 'నేను లేకపోతే మన వైపు నుంచి నువ్వు కూర్చో, డ్రైవర్ని ఒంటిగా పంపొద్దు' అని."

"అక్క నీకెప్పుడు చెప్పిందిరా? నువ్వు రాలేదే."

"ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. నేను బయల్దేరి వస్తా ఉండానంటే వద్దనింది. రెండు నెల్లుగా వేట లేదు, పిల్లలు ఏం తింటారు, బోటు తీయమనింది. నువ్వు తిరిగొచ్చేదాకా నేను ఉంటాలేరా అనింది." మొహం మీది నీళ్ళు తుడుచుకున్నాడు. "అక్క ఎప్పుడూ మాట తప్పలేదు బావా. నమ్మి పోయినా."

వెనక నుంచి ఎవరో, "బస్సు కదలదా?" అన్నారు. అన్వర్, "కదలదు," అన్నాడు.

బోట్లు వచ్చినాయా డ్రైవరూ. రాలేదు, రాలేదు అని చెబుతూ పోయాను నేను. తమ్ముడు రాలేదని ఆమె కుమిలిపోతోందనుకున్నాను. కాదు. ఇంకా ఎంతసేపు ప్రాణం పట్టుకుని ఉండాలో అడుగుతోంది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నీ కోపం అక్క మీదికి పోతుంది. పోయిన మనిషి మీద కోపం పెట్టుకుని ఎట్టా బతుకుతావు నువ్వు? నా మీద పెట్టుకుంటే పోయేదేముంది. నేను బతికే ఉండా గదా."

"మరి ఇప్పుడెందుకు చెప్పినావు?"

"రేపట్నుంచి ఈ రోడ్డున నువ్వు రావు," అన్నాడు మస్తానయ్య. "మొహం తిప్పుకున్నా రోజూ ఒకసారి కనబడతా ఉన్నావు. నాకది చాలింది."

వాడు చెప్పినట్టే అయింది. కోపం నేరుగా ఆమె మీదికి పోయింది. నాకు ఒక్క మాట చెప్పలేదు. తమ్ముడికి చెప్పింది, నాకు చెప్పలేదు. ఆమెను క్షమించడం నా వల్ల కాదు, ఇప్పుడప్పుడే కాదు. కానీ ఈ రెండేళ్ళు ఆ కోపం మోసినవాడు వానలో తడుస్తూ నా కిటికీ పక్కన నిలబడి ఉన్నాడు.

"ఎక్కు," అన్నాను.

వాడు ఎక్కగానే మూడో సీట్లో ఒకామె ముక్కు మూసుకుంది. "చేపల గంపా? టాపు మీద పెట్టించండయ్యా."

అన్వర్ నా వైపు చూశాడు.

"టాపు మీద కాకులు తింటాయి," అన్నాను. "నా సీటు వెనకాల పెట్టు."

మస్తానయ్య గంప దించాడు. తువ్వాలు పరిచిన సీటు ముందు అట్లాగే నిలబడిపోయాడు. బట్టలు తడిసి ఉన్నాయి.

"కూర్చో," అన్నాను. "అన్వర్, టికెట్ కొట్టు. ఆమె ఊరికే కూర్చోననింది."

అన్వర్ టికెట్ కొట్టి ఇచ్చాడు. మస్తానయ్య దాన్ని తడవకుండా ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పిడికిట్లో పట్టుకున్నాడు. వెనక నుంచి దుర్గ చెయ్యి చాపి వాడి భుజం మీద వేసింది.

బండి తీశాను. వాసన మెల్లగా నా మెడ దాకా వచ్చింది. ఊరు దాటాక లోపలి అద్దం కొంచెం వంచాను. తల నెరిసింది వాడికి. ముక్కు మాత్రం ఆమెదే. ఎండలో కళ్ళు చిన్నవి చేసినట్టు వానలోనూ చిన్నవి చేసి చూడడం కూడా ఆమెదే.

"రోడ్డు అటు ఉండాది బావా," అన్నాడు.

ఆ తర్వాత కావలి దాకా వైపర్ ఎంత తుడిచినా నాకు రోడ్డు సరిగ్గా కనబడలేదు.

డిపో గేటు దగ్గర రెండు దండలు పట్టుకుని నిలబడ్డారు. అలవాటు కొద్దీ రెండు తెచ్చేశారు. తెచ్చాక గుర్తొచ్చినట్టుంది, రెండోది వీపు వెనకాల దాచుకుంటున్నారు. అన్వర్ అది లాక్కుని మస్తానయ్య మెడలో వేశాడు.

"జంట బాగుంది," అన్నాడు. అందరూ నవ్వారు. మస్తానయ్య కూడా నవ్వి, వెంటనే దండలో మొహం దాచుకున్నాడు.

బండి తాళాలు ఇచ్చేశాను. చెయ్యి ఖాళీగా ఉంటే ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గంప ఎత్తుకున్నాను.

"ఇప్పుడన్నా చెప్తావా నాయనా థ్యాంక్స్?" అంది దుర్గ పక్కన నడుస్తూ.

"మధ్యాహ్నం పులుసు పెట్టు," అన్నాను. "మీ మామకు తలకాయ ముక్క వెయ్యి."

దుర్గ నా మొహం వైపు ఒకసారి చూసింది. మా ఇంట్లో తలకాయ ముక్క ఎప్పుడూ నాదే. గంగాభవాని ఇంకెవరికీ వేసేది కాదు.

మస్తానయ్య నా వెనకాలే వచ్చాడు.

"రేపు నేను మీ ఊరికి వస్తా," అన్నాను వాడితో. "ఈ బస్సుకే, టికెట్ కొట్టించుకుని. ఎల్లుండి నువ్వు రా."

"గంపుంటే కొత్త డ్రైవరు ఆపడేమో బావా."

"అడ్డంగా నిలబడు," అన్నాను.