ఆరో బావి, నీలం డ్రమ్ము

"బావిని కనిపెట్టుకుని ఉండు. శుక్రవారం నాలుగింటిదాకా కన్ను తిప్పకు," అన్నాడు చీఫ్ ఫోన్లో.

లైన్లో గరగర. ఆ గరగరలో గుడి కూలిపోయి 'బావిని' కాస్తా 'బావని' అయింది.

ఏజెంట్ పదకొండు నమ్మేశాడు. నమ్మడానికి కారణం ఉంది. అక్క మొగుడు పాత పెట్రోలు డిపోకి వాచ్‌మన్. భూమిలోని ట్యాంకులు పెరికేశాక ఆ స్థలాన్ని ఒక విదేశీ ముఠా కంపెనీ బోర్డు తగిలించుకుని కొనేసింది. దేశమా, అక్కా అని ఒక పూట తిండి మానేసి ఆలోచించి, చివరికి దేశానికే ఓటేశాడు ఏజెంట్.

గడ్డం అతికించుకుని, గొడుగులో కెమెరా పెట్టుకుని మూడు రోజులు బావ వెనక తిరిగాడు. రెండో రోజు ఎండలో నిలబడ్డ గడ్డాయన్ని చూసి జాలిపడి, అక్కే గ్లాసుడు మంచినీళ్ళు ఇచ్చింది. మొత్తం మీద దొరికింది ఒక్క ఫొటో. బావ నీలం డ్రమ్మొకటి నెత్తిన పెట్టుకుని ఇంటికి పోవడం.

శుక్రవారం మూడింటికి చీఫ్ ఫోను.

"మట్టం ఎంతుంది?"

"మట్టసంగానే ఉన్నాడు సర్."

చీఫ్ 'డిపోలో బా-వి' అని ఒక్కో అక్షరం ఒత్తి పలికాడు. పదకొండు గడ్డంతో సహా డిపోకి పరుగెత్తాడు.

అక్కడి బావులు చేద వేసే బావులు కావు. భూగర్భజలాన్ని పరీక్షించడానికి దింపిన జానెడు వెడల్పు పైపులు, మూతా తాళమూ. మొత్తం ఆరు. ఆరోదాని పక్కన ఎర్ర స్కార్ఫు, నల్లకళ్ళద్దాలతో ఒకామె. ముఠాకి ఇంజనీరు, మనకి గూఢచారి. కోడ్‌నేమ్ చుక్క. అందానికి పెట్టారో, నీటికి పెట్టారో ఫైల్లో లేదు.

"నీళ్ళు నమిలేదెవరు?" అన్నాడు.

"దాహం లేనివాళ్ళు," అందామె. కోడ్ కుదిరింది. పరిస్థితే కుదరలేదు.

పైపులో నిలవున్న నీళ్ళు ముందు తోడెయ్యాలని చుక్క చెప్పింది. భూమిలోంచి కొత్త నీరు ఊరాకే సీసాకి పట్టాలి. నిలవనీటిలో పెట్రోలు గాలికెగిరిపోయి, పరీక్షలో ఏమీ దొరకదు. బాగుచేసే ఖర్చు ఎగ్గొట్టడానికి ముఠా అయిదుసార్లూ తోడకుండానే పట్టించింది. అయిదుసార్లూ 'శుభ్రం'. నాలుగింటికి కాలుష్య మండలి ఇన్‌స్పెక్టరు సంతకం పెడితే బావుల్లో సిమెంటు పోసేస్తారు. ఆపైన కింద ఏముందో చూడడానికి దారే ఉండదు. గోడ అవతల నలభై అడుగుల్లో అక్క ఇంటి బోరు.

"మీరు చెప్పెయ్యొచ్చుగా?"

"ఫారాల మీద సంతకం నాదే. నా మాటెవరు నమ్ముతారు?"

చంకలో తుపాకీ ఉంది. దేన్ని కాలుస్తాడు, నీళ్ళనా? సిమెంటు లారీ మీది పీపా గిరగిరా తిరుగుతోంది. ఆగమని, కుర్చీలో ఉన్న ఇన్‌స్పెక్టర్ని బతిమాలాడు. రుజువేదని ఆయన కలం మూత తీశాడు.

"తోడిన నీళ్ళు ఎక్కడ పోస్తారు?" అన్నాడు పదకొండు, ఏం తోచక.

"విషపు నీళ్ళు కదా, నేల మీద పొయ్యకూడదు. డ్రమ్ముల్లో పట్టి సీలు వేసి ఇక్కడే ఉంచాలి. అన్నీ నిండాయనే నాచేత రాయించారు," అంది చుక్క.

"నీలం డ్రమ్ములా?"

పదకొండు జేబులోంచి బావ ఫొటో తీసి ఇద్దరికీ చూపించాడు. నెత్తి మీది డ్రమ్ముకి అంటించిన చీటీ స్పష్టంగా ఉంది: 'ఆరో బావి, తోడిన నీరు, రెండు వందల లీటర్లు'. రెండు వందల లీటర్లు మోసే నెత్తి మనిషికి లేదు. ఇన్‌స్పెక్టరు లేచి, టార్పాలిన్ ఎత్తి డ్రమ్ముల్ని తన్నాడు. అన్నీ గంటల్లా మోగాయి.

నాలుగింటికింకా నిమిషం తక్కువ. సిమెంటు గొట్టం బావి మూతి మీదికి వంగి ఉంది. కలం జేబులోకి వెళ్ళింది.

ముఠా పోలీసు జీపెక్కింది. పంపు తెచ్చి గంటసేపు తోడగానే ఆరో బావి గుప్పున పెట్రోలు కక్కింది. గెలిచారు. బాగుచెయ్యడానికి ఎన్నాళ్ళని పదకొండు అడిగాడు. ఏళ్ళు పడతాయని, అప్పటిదాకా కొలుచుకుంటూ కూర్చోవడమేనని చుక్క చెప్పింది.

సాయంత్రం అక్క వాకిట్లో చీఫ్, చుక్క, వీధి వీధంతా. పదకొండు గడ్డం పీకేసి, 'బావి' 'బావ' అయిన వైనం అందరికీ చెప్పుకున్నాడు. వీధి నవ్వింది. అక్క నవ్వలేదు. ఇక ఎవరూ తిప్పకుండా బోరు కుళాయికి గుడ్డ కట్టి వచ్చింది.

"ఆ గడ్డాయన నువ్వేనా? నా చేత్తో ఈ నీళ్ళేరా నీకిచ్చింది."

స్నానాల గది పక్కన అదే నీలం డ్రమ్ము, నిండా బోరు నీళ్ళతో. బావ దానికేసి చూసి, తన మెడ రుద్దుకున్నాడు.

"మూడు రోజులు నా వెనకే ఉన్నావు. ఒక చెయ్యి వెయ్యొద్దూ, బామ్మర్దీ?"