ఐలమ్మ ఏం పని చేస్తుంది?

పొద్దున లేచిన దగ్గర్నుంచి రాజలింగం కాలు ఒకచోట నిలవడం లేదు. సూరత్ బమ్రోలిలోని వాళ్ల గల్లీకి ఇవాళ సర్కారు మేడమ్ వస్తోంది. వట్టిగా రావడమా! మహిళా సహకార సంఘాలకు కొత్త మరమగ్గాలు ఇచ్చే పథకానికి వీళ్ల సంఘం తగునో కాదో చూసి రాసుకుపోవడానికి వస్తోంది. తగునని రాస్తే ఇంటి కింది షెడ్డులో ఉన్న నాలుగు పాత మగ్గాలు, వాళ్ల మాటలో సాంచాలు, పోయి కొత్తవి వస్తాయి. కాదని రాసిందా, అంతే సంగతులు. ఆ పాత సాంచాల మీద నేసిన గుడ్డను ఇప్పుడు సూరత్‌లో ఏ వ్యాపారీ ముట్టుకోవడం లేదు. అవి తుక్కు కింద పోతే, యాభై ఎనిమిదేళ్ల రాజలింగం మళ్లీ ఎవరి కార్ఖానాలోనో కూలికి నిలబడాలి.

కాగితాల పనంతా కూతురు జమునది. ఉధ్నాలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే పిల్ల. గల్లీలో సాంచాలకు దారపు కండెలు చుట్టే పదకొండు మంది ఆడవాళ్లను కూడగట్టి, సంఘం పెట్టించి, తల్లి ఐలమ్మను అధ్యక్షురాలిని చేసింది. ఇవాళ మాత్రం ఆ పిల్లకు సెలవు దొరకలేదు. ఆఫీసుకు పోతూ పోతూ, "బాపూ, మేడమ్ ఏమడిగితే గదే చెప్పుండ్రి, ఉన్నదున్నట్టు" అని మరీ చెప్పి పోయింది.

రాజలింగానికి ఆ మాట చెవికెక్కితే కదా! సంఘమంటే ఆడవాళ్ల పేర్లు కావాలి, పేర్లు ఉన్నాయి, ఇక అయిపోయిందనే ఆయన లెక్క.

"ఏమే, ఆ కండెల మిషను మీద దుప్పటి కప్పు. మేడమొచ్చే ఇంట్ల గా దుమ్మేంది? పట్టుచీర గట్టు. సంఘపోళ్లకు గూడ చెప్పు, పండుగకు తయారైనట్టు రమ్మని."

"మిషను కనపడద్దా అయ్యా?" అంది ఐలమ్మ సందేహంగా.

"నీకేం తెల్వది, చెప్పింది చెయ్."

ఐలమ్మ చెప్పింది చేసింది. ముప్పై ఏళ్లుగా చేస్తున్నదే అది.

మేడమ్ వచ్చేసరికి పదకొండు మంది పట్టుచీరల్లో, తలల్లో పూలతో చాప మీద వరసగా కూర్చుని ఉన్నారు. పెళ్లివారిల్లులా ఉంది. మేడమ్ చాయ్ తాగి, ఫైలు తెరిచి, అధ్యక్షురాలిని హిందీలో అడిగింది. "మీరు ఏం పని చేస్తారమ్మా?"

ఐలమ్మ తల వంచుకుని, వచ్చీరాని హిందీలో అంది. "పనేం లేదు మేడమ్. ఇంట్లనే ఉంట."

మేడమ్ గుమ్మంలో ఉన్న రాజలింగం వైపు చూసింది. ఆయన మీసం సవరించుకుని, "మా ఇంటి ఆడోళ్లకు పని చేసే గతి పట్టలేదు మేడమ్, అంత నేనే చూసుకుంట" అన్నాడు గర్వంగా.

అధ్యక్షురాలే ఆ మాటంటే మిగతావాళ్లు వేరే ఏమంటారు? పది మందీ ఇంట్లోనే ఉంటామన్నారు. మేడమ్ ఏదో రాసుకుని వెళ్లిపోయింది. ఆమె చాయ్‌తో పెట్టిన ఫాఫ్డా తినకుండా పోయిందే అని రాజలింగం బాధపడ్డాడు.

మూడు వారాలకు జవాబు వచ్చింది. జమున గుమ్మంలోనే నిలబడి చదివింది. సభ్యులెవరూ నేత పనిలో లేరట. సంఘం పేరుకు మాత్రమే ఉందట. దరఖాస్తు తోసిపుచ్చారు.

రాజలింగం భార్య మీద విరుచుకుపడ్డాడు.

"నా కొంప ముంచినవ్ గదనే! ఒక్క మాట, గా ఒక్క మాట సక్కగ చెప్పరాదు? పని లేదంటవా? ఇగ నేను ఈ వయసుల ఎవని కార్ఖానల కొలువు చెయ్యాలె? నీ నోరు పడిపోను!"

ఐలమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. కేకలు విని పక్కింటి బుచ్చవ్వ వచ్చింది. ఆమె కూడా సంఘంలో మనిషే. కాసేపు విన్నది, ఇక ఆగలేకపోయింది.

"ఓ రాజలింగం, దాన్నెందుకు తిడ్తవ్? మా ఆడోళ్లకు పని చేసే గతి పట్టలేదని మేడమ్ ముంగట మీసం దువ్వింది ఎవలు? మిషను మీద దుప్పటి కప్పించింది ఎవలు?"

జమున తండ్రి వైపు తిరిగింది. "నిజమా బాపూ?"

తను అన్న మాట రాజలింగానికి ఇప్పటిదాకా గుర్తే రాలేదు. ఎలా వస్తుంది, ముప్పై ఏళ్లుగా అందరితో అంటున్న మాటేనాయె!

"అవ్వా, నువ్వన్న చెప్పద్దా? గిన్ని తిట్లు ఎందుకు పడ్తున్నవ్?" అంది జమున తల్లితో.

"బాపు ఇజ్జత్ పోతది గద బిడ్డా" అంది ఐలమ్మ.

ఆ మాట రాజలింగానికి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

అప్పీలు పెట్టుకోవడానికి పది రోజుల గడువు ఉంది. ఒక్కొక్కరు ఏ పని, ఎప్పటి నుంచి, ఎంతసేపు చేస్తున్నారో రాసి, ఇంటి పెద్ద సంతకం పెట్టాలి. సాంచాలు ఇస్తారన్న నమ్మకం జమునకే లేదు. అయినా ఆదివారం పొద్దున కాగితం పెట్టుకుని కూర్చుంది.

"చెప్పు బాపూ. అవ్వ ఎన్ని గంటలకు కూసుంటది?"

రాజలింగం లేచి షెడ్డులోకి దిగేసరికి గంప నిండా కండెలు ఉంటాయి. అంతవరకే ఆయనకు తెలుసు.

"ఐలమ్మా, జర నువ్వే చెప్పు" అన్నాడు చిన్నగా.

"ఏం చెప్తనయ్యా, గదేమన్న పనా?" అంటూనే మొదలుపెట్టింది. సూరత్‌కు వచ్చిన మూడో నాడే మిషను ముందు కూర్చుంది. నాలుగింటికి లేస్తుంది. పొయ్యి మీద అన్నం ఉడికేలోగా ఒక గంప, మధ్యాహ్నం ఒకటి, పొద్దు గూకేలోగా ఇంకొకటి. కాలి మడమ వాచేది, వేళ్లు దారానికి కోసుకుపోయేవి. జమున రాస్తూ పోతోంది.

"నడుమ ఆపినవా అవ్వా? అది గూడ రాయాలె."

"నువ్వు పుట్టినప్పుడు పదకొండు దినాలు."

"తమ్ముడు పుట్టినప్పుడు?"

ఐలమ్మ కాసేపు కొంగు మడత సరిచేసుకుంది.

"ఆపలే బిడ్డా. ఎనిమిది దినాల పిలగాడు. పొద్దుగాల తీస్కపోయి మట్టిల పెట్టి వచ్చిండ్రు. మీ బాపు వచ్చుడు వచ్చుడే సాంచ నడిపిండు. ఇంట్ల ఉండలేకపోయిండేమో, పాపం. కండెలు అయిపోతే సాంచ ఆగుతది. ఆగితే మనిషి ఏమైతడోనని భయమైంది. లేచి కూసున్న."

రాజలింగానికి ఆ దినమంతా కళ్ల ముందు నిలబడింది. కన్నీళ్లతో చీకటిపడేదాకా నేశాడు. చెయ్యి చాపినప్పుడల్లా నిండు కండె చేతికి అందింది. పురిటి పచ్చి ఆరని మనిషి, కడుపుకోతతో గోడకవతల కూర్చుని అవి చుడుతోందని ఒక్కసారైనా అనుకున్నాడా? అనుకోలేదు. తన దుఃఖానికి సాంచ దొరికింది. ఆమె దుఃఖాన్ని అడిగినవాడే లేడు.

"ఐలమ్మా..." అని ఆమె రెండు చేతులూ పట్టుకుని, ఆ వేళ్ల మీద మొహం పెట్టుకుని బోరుమన్నాడు. "పని లేనోన్ని నేనే. నేనేనే..."

"ఊకోయ్యా, పిల్ల ముంగట గిట్ల ఏడుస్తరా?"

జమున కళ్లు తుడుచుకుంది. "అవ్వా, ఇది గూడ రాయనా?"

ఐలమ్మ ఎప్పటిలాగే మొగుడి వైపు చూసింది.

"నన్ను చూడకు" అన్నాడు రాజలింగం. "నీ ఇష్టం. సాంచాలు ఇయ్యకుంటే మానె, నీ ఇష్టమే."

"రాయి బిడ్డా" అంది ఐలమ్మ. ఆ మాట పూర్తయ్యేసరికి ఆమె గొంతు పగిలింది. ఆ పిల్లవాడి కోసం ఆమె ఈ ఇంట్లో గొంతెత్తి ఏడవడం అదే మొదటిసారి.