పాట కింద దాగిన చప్పుడు

ఉరుకుందు ఇంట్లో తెల్లారితే చాలు, ఎవరో ఒకరు ఏదో ఒకటి కొడుతూనే ఉంటారు. సుంకమ్మ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె కొడుతుంది. ఉరుకుందు వాకిట్లో వేపపుల్ల నములుతూ జోకు కొడతాడు. జోకుకు నవ్వు రాకపోతే సుంకమ్మను కొడతాడు. కోసిగి పక్కన ఉన్న ఆ పల్లెలో వాన ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు గానీ, సుంకమ్మ వీపున దెబ్బ ఎప్పుడు పడుతుందో వీధిలో పిల్లలు కూడా చెప్పగలరు.

ఆ పొద్దున రొట్టె మాడిందని చెంబు విసిరాడు. అది సుంకమ్మ చెవి పక్కనుంచి పోయి గోడకు తగిలింది.

"సొట్ట చెంబుకు, తిట్టు నీకు, నవ్వు నాకు! ఎట్ల పంచినా సూడు, ఎవురికీ తక్కువ గాకుండా!" అని తనే పకపకా నవ్వుకున్నాడు. సుంకమ్మ చెంబు తీసి నీళ్ళకుండ పక్కన పెట్టి, ఇంకో పిండిముద్ద తీసుకుంది.

అప్పుడే వాకిలి ముందు ఆటో ఆగింది. అందులోంచి శివలీల దిగింది. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. ఎడమ చెయ్యి చీరపేలికతో మెడకు వేలాడుతోంది. కన్ను నేరేడుపండులా వాచి మూసుకుపోయింది.

"యాడ పడితివి పాపా?" అని ఉరుకుందు అదిరిపడి లేచాడు.

"పడలే నాయినా. ట్రాక్టరు రాడ్డుతో కొట్టినాడు."

"ఎవుడు వాడు?"

"ఇంగెవురు? నీ అల్లుడు."

సుంకమ్మ పిండి చేతులతోనే వచ్చి నిలబడింది. ఎందుకు కొట్టాడని అడగలేదు. "ఎముక ఇరిగిందా, బెణికిందా?" అని అడిగింది. అది అనుభవం ఉన్నవాళ్ళు అడిగే ప్రశ్న.

ఉరుకుందు మాత్రం గూట్లోంచి గొడ్డలి తీశాడు. "నా బిడ్డ మింద చెయ్యేసినోని చెయ్యి ఈ పొద్దు నరికి, వాని చేతికే ఇస్తా!" అని వీధిలోకి దూకాడు. ఊరిపెద్ద మారెన్న ఎదురొచ్చి నడుం పట్టుకుని ఆపకపోతే అల్లుడి ఊరు ఆలూరుకు బస్సు ఎక్కేసేవాడే.

"ఏమప్పా ఉరుకుందూ, నువ్వు నరికితే నువ్వు జైలుకు, వాడు ఆస్పత్రికి, పాప యాడికి? పిలిపిస్తా ఉండు. కూచోని మాట్లాడదాం."

అల్లుడు పరమేష్ పిలవగానే వచ్చాడు. తెల్లచొక్కా తొడుక్కుని, తప్పు చేసినవాడిలా కాకుండా పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా వచ్చాడు. ఉరుకుందు వాకిట్లోనే చాపలు పరిచారు. మారెన్న, ఊళ్ళో నలుగురు మగవాళ్ళు కూర్చున్నారు.

"కొట్టినా," అన్నాడు పరమేష్. "కాదంటాండానా? ఈడ కూచున్నోళ్ళలో పెండ్లాన్ని కొట్టనోడు ఎవుడన్నా ఉంటే చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. పాపం, ఇంట్లో ఎత్తీ ఎత్తీ అలసిపోయిన చేతులు కదా!

ఉరుకుందుకు మండింది. "పెండ్లి పీటల మింద ఏమని మాటిస్తివిరా? నా బిడ్డ మింద చెయ్యెయ్యనని ఊరందరి ముందర చెప్తివా లేదా?"

"నాకు మతికి లేదు మామా. నా మాట సరే. ఆ పొద్దు నువ్వేమంటివో అది మతికి ఉండాదా?"

"నేనేమంటి? నాలుగు తమాషా మాటలంటి. మాట మార్చాకు. వీడియో ఉండాది నా దగ్గర!"

ఉరుకుందు ఇంట్లోకి పోయి, టీవీని వాకిలి వైపు తిప్పి పెళ్ళి సీడీ పెట్టాడు. పీటల మీద పరమేష్ కనిపించాడు. ఉరుకుందు అతని మీదికి వంగి ఏదో అడిగాడు. పరమేష్ పెదాలు కదిలాయి. సరిగ్గా అప్పుడే ఏదో సినిమా యుగళగీతం అందుకుంది. మంత్రాలు, మేళం, మాటలు అన్నీ ఆ పాట కిందనే పడి ఉన్నాయి. ఏ పెళ్ళి సీడీలోనైనా అంతే. వీడియోవాళ్ళు అసలు చప్పుడంతా తుడిచేసి పైన పాటలు పరుస్తారు, మాసిన గోడకు సున్నం కొట్టినట్టు.

"ఏం మామా, నేను మాటియ్యలే, డ్యూయెట్టు పాడినట్టుండానే!" అన్నాడు పరమేష్. చాపల మీదివాళ్ళు గొల్లుమన్నారు. మారెన్న దగ్గూ నవ్వూ కలిపి కాసేపు ఊపిరాడక అవస్థపడ్డాడు.

తేరుకున్నాక తీర్పు చెప్పాడు. "వచ్చే సోమారం దాంక గడువు. అల్లుడు మాటిచ్చినట్టు రుజువు తెస్తే తప్పు వానిది. పాప ఈడ ఉంటాది, వాడు తప్పుకు దుడ్లు కడతాడు. తేలేకుంటే మాత్రం పాపను పంపల్ల."

శివలీల తలుపు చాటునుంచి విన్నది. ఆ రాత్రి తల్లితో ఒకే మాట అంది: "ఆడికి మళ్ళ పోతే ఈసారి చెయ్యి కాదుమా, నేనే మిగలను."

మర్నాడే ఉరుకుందు ఎమ్మిగనూరు పోయి, పెళ్ళి వీడియో తీసిన రాఘవేంద్రప్రసాద్ కొట్టులో దిగబడ్డాడు. రాఘవేంద్రప్రసాద్ కోమట్ల పిల్లోడు. తండ్రి ఉల్లిగడ్డల వ్యాపారం వదిలి కెమెరా పట్టాడు. మాట ఎక్కువ, మొహమాటం తక్కువ.

"నా అల్లుని మాట మింగినావు. కక్కు!" అన్నాడు ఉరుకుందు.

"మింగలే అన్నా, దాచినా. తీసిన వీడియో తీసినట్టే కంప్యూటర్లో ఉండాది. నీకిచ్చింది పాటలు కలిపిన సీడీ. సూడు, వీడియో అంటే మొగుడూ పెండ్లామే. బొమ్మ ఒకరు, శబ్దం ఒకరు. ఇద్దరూ ఒకే ఫైల్లో కాపురం. ఇప్పుడు నీకు శబ్దం ఒక్కటే గావాల్నంటే ఇద్దరికీ విడాకులిప్పియ్యల్ల."

"ఇప్పియ్యి మరి! శబ్దానికి మనోవర్తి నేనిస్తా."

రాఘవేంద్రప్రసాద్ మౌసు నొక్కాడు. తెర మీద పచ్చగీత ఒకటి మెల్లగా జరగసాగింది. "ఎట్ల తీసియ్యమంటావు? సెల్లులో వినేదానికైతే ఏయెమ్మార్‌లో తీసిస్తా. కొంచెమే జాగా. కానీ బావిలోంచి అరిచినట్టుంటాది. ఎంపీత్రీ అయితే నున్నగుంటాది. మన చెవికి అక్కరలేదనుకున్నయ్యి అదే చెరిగి పారేస్తాది. వేవ్ అని ఇంగోటుండాది. అది కొండంత. దాంట్లో ఏమీ పోదు. గింజ, పొట్టు, మట్టిబెడ్డ, అన్నీ ఉంటాయి."

ఉరుకుందు ఆలోచించాడు. చెరిగితే పరమేష్ గొంతులో ముక్క రాలిపోతే? 'వెయ్యను'లో 'ను' ఊడిపోతే? పంచాయితీలో అది తన గొంతు కాదని వాడు బొంకితే?

"పొట్టుతో సహా గావాల. ఆడియో సీడీ చెయ్యి. మా ప్లేయర్లో పాడల్ల."

తీసినది ఒకసారి పెట్టి వినిపించాడు. "వెయ్యను మామా" అని పరమేష్ గొంతు గంటలా మోగింది. ఉరుకుందు తొడ చరిచి లేచాడు.

"ఉండన్నా, మిగిలింది గూడా విను. నీకు గావాల్సిన ఒక్క మాట ఉంచి, ముందూ ఎనకా కత్తిరిస్తా," అన్నాడు రాఘవేంద్రప్రసాద్. ఆ మిగిలింది అతను పెళ్ళిలో వీడియో తీసేటప్పుడే విన్నాడు.

"కత్తిరిస్తే నీ చెవులు కత్తిరిస్తా! అతికించినారంటాడు వాడు. పీటల మింద కూచున్న కాడ్నుంచి అప్పగింతల దాంక ఉన్నదున్నట్టు ఇయ్యి."

సోమవారం మళ్ళీ చాపలు పరిచారు. ప్లేయర్‌ను వాకిట్లోకి తెచ్చి, పెద్ద స్పీకర్లు రెండూ అరుగు మీద పెట్టాడు ఉరుకుందు. పరమేష్ రాగానే తలుపులోకి తొంగిచూసి, "ఏమే, మూటె కట్టుకున్యావా? ఈ పొద్దు ఇంటికి రా, ఇంగో చెయ్యి గూడా సరిజేస్తా!" అన్నాడు.

ఆ మాట పూర్తికాలేదు. ఉరుకుందు చేతికట్టె వాడి భుజం మీద విరిగింది. రెండో దెబ్బకు నుదురు చిట్లి తెల్లచొక్కా మీద నెత్తురు కారింది. పరమేష్ తిరగబడి మామ గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ చాపల మీద పడి దొర్లారు. నలుగురు కలిసి విడదీసేసరికి ఉరుకుందు పెదవి చీలింది, పరమేష్ చొక్కా జేబు ఊడింది.

"పెట్టప్పా నీ సీడీ!" అని గద్దించాడు మారెన్న. "దాంట్లో ఏముంటే అదే తీర్పు."

ఉరుకుందు నెత్తురు ఉమ్మి మీట నొక్కాడు.

మొదట మేళం. తర్వాత ఎవరో పిల్లాడి ఏడుపు. అప్పుడు ఉరుకుందు గొంతు: "అల్లుడా, నా పాప మింద చెయ్యెయ్యవు గదా?" దాని వెంటే పరమేష్ గొంతు: "వెయ్యను మామా. కండ్లల్ల పెట్టుకోని చూసుకుంటా."

"వింటిరా!" అని ఎగిరాడు ఉరుకుందు. ఆపడానికి ప్లేయర్ వైపు వంగాడు.

"ఆపాకు," అన్నాడు పరమేష్, నుదురు అదుముకుంటూ. "ఇంగా ఉండాది."

ఉంది. సీడీలో ఉరుకుందు నవ్వుతున్నాడు. "అంత మెత్తగుంటే ఎట్లప్పా! జొన్నరొట్టె, ఆడది, రెండూ తడితేనే లెక్కకొచ్చేది. మాట వినకుంటే నాలుగు తగిలించు. వాళ్ళమ్మను నేను సాకింది అట్లనే!"

నవ్వులు. వాటి మధ్య సుంకమ్మ గొంతు, సన్నగా: "ఈ ఒక్క పొద్దన్నా అట్ల మాట్లాడొద్దప్పా."

"చూడల్లుడా, ఇట్ల!"

చప్పుడు.

ఉరుకుందుకు ఆ సంగతి మతికి ఉంది. కానీ అతని మతిలో అది చెంప మీద సరదాగా తట్టడం. మనిషి మతి కూడా ఎంపీత్రీయే. తనకు అక్కరలేదనుకున్నది చెరిగి పారేస్తుంది. స్పీకర్లలోంచి వచ్చింది తట్టిన చప్పుడు కాదు. కొయ్య మీద కొరడా పడ్డ చప్పుడు. దాని వెనక గాజులు రాలిన చప్పుడు. దాని మీద ఊరందరి నవ్వు. ఆ నవ్వులో మారెన్న దగ్గు కూడా విడిగా, స్పష్టంగా వినిపించింది.

చాపల మీద ఇప్పుడు ఎవరూ నవ్వలేదు.

సీడీ ఆగలేదు. ఎవరో ముసలమ్మ, "సుంకీ, అప్పగింతల పాట ఎత్తుకోమ్మా, పొద్దుపోతాంది," అంది. ఒక ఊపిరి తీసిన చప్పుడు. గొంతు సవరించుకున్న చప్పుడు. ఇంకో ఊపిరి. అప్పుడు సుంకమ్మ పాట మొదలైంది.

*పోయిరా నా పాపా పొద్దుండంగానే*
*ఎండ తాకని దారి ఎతుక్కోని పోవే*

మూడో వరుసలో 'అమ్మ'న్న మాట దగ్గర గొంతు జారింది. తడిబండ మీద కాలు జారినట్టు జారి, మళ్ళీ నిలదొక్కుకుని, చివరిదాకా పాడింది.

పాప దూరమైతుందని నా పెండ్లాం పాడతానే ఏడ్చిందని పెళ్ళయినప్పటినుంచీ ఎంతమందికి గొప్పగా చెప్పుకున్నాడు ఉరుకుందు!

"విన్నారు గదా," పరమేష్ లేచాడు. "చెప్పింది మామే, చేసి చూపించింది మామే."

మారెన్న ఎవరి ముఖమూ చూడకుండా, "మాటకు మాట చెల్లె. పంపు ఉరుకుందూ," అన్నాడు.

పరమేష్ తలుపు దగ్గరికి పోయి శివలీల బాగున్న చెయ్యి పట్టి ఈడ్చాడు. ఆమె కేక పెట్టింది. మరుక్షణం పరమేష్ ఇంకా పెద్ద కేక పెట్టాడు. సుంకమ్మ చేతిలో రోకలి ఉంది. పరమేష్ మణికట్టు పట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

"ఎముక ఇరిగిందో బెణికిందో చూసుకో అల్లుడా," అంది సుంకమ్మ. "ముందర రొంత తిమ్మిరి, తర్వాత నొప్పి. నాకు తెలుసు."

అందరూ ఉరుకుందు వైపు తిరిగారు. పెద్దల ముందు అల్లుణ్ణి కొట్టిన పెళ్ళాన్ని మగవాడు ఏం చేయాలో అందరికీ తెలుసు. ఉరుకుందు చెయ్యి అలవాటుగా పైకి లేచింది. సుంకమ్మ కదలలేదు. రోకలి ఎత్తనూ లేదు, దించనూ లేదు.

లేచిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియనట్టు ఉరుకుందు కాసేపు చూసుకున్నాడు. తర్వాత మెల్లగా పోయి, పరమేష్ ఇంతసేపూ కూర్చున్న చాప మీద, తప్పు చేసినవాళ్ళు కూర్చునే చోట కూర్చున్నాడు.

"మారెన్నా, ముందు నా పంచాయితీ తెంపు."

"నీకేం పంచాయితీప్పా? మొగుడూ పెండ్లాల మధ్య..."

"తెంపేదానికి మీరెవురు?" అంది సుంకమ్మ. ఆ వాకిట్లో పెద్దల మీదికి ఆమె గొంతు లేవడం అదే మొదలు. "మీ నవ్వులన్నీ దాంట్లో ఉండాయి. మీరూ ఆ చాప మిందనే కూచోల్ల. లేకుంటే లేసి పోండి."

మారెన్న కండువా దులుపుకుని లేచాడు. వెనకే మిగిలినవాళ్ళూ లేచారు. పరమేష్ వాళ్ళ వెనక, చెయ్యి గుండెకు అదుముకుని నడిచాడు. ఎవరూ "పాపను పంపు" అనలేదు.

వాకిలి ఖాళీ అయ్యాక సుంకమ్మ మొగుడి ఎదురుగా కూర్చుంది. "పాప ఈడ్నే ఉంటాది. నువ్వు చెయ్యెత్తిన పొద్దు నేనూ పాపా ఇద్దరమూ పోతాము. యాడికని అడగాకు."

జన్మలో మొదటిసారి ఉరుకుందు నోటికి జోకు రాలేదు. "సరే," అన్నాడు. ప్లేయర్‌లోంచి సీడీ తీశాడు. "ఇరగ్గొట్టేదా?"

"ఎందుకు? దాంట్లో నా పాట ఉండాది. మొదుట్నుంచి పెట్టు. పాపా, నువ్వూ వచ్చి కూచో."

పెట్టాడు. మేళం, పిల్లాడి ఏడుపు, అల్లుడి మాట. తన నవ్వు మొదలవగానే ఉరుకుందు రెండు చేతులూ చెవుల మీదికి పోయాయి.

"విను," అంది సుంకమ్మ.

చేతులు దించి విన్నాడు. చప్పుడు విన్నాడు. గాజులు రాలడం విన్నాడు. రెండు ఊపిరులూ విన్నాడు. పాట మూడో వరుసలో గొంతు జారిన చోట ఈసారి ఏడ్చింది సుంకమ్మ కాదు, ఉరుకుందు.