నిన్నటి నీళ్లు

ఎర్రవంకలో ఎవరు అంట్లు తోమినా ఇంటి గోడ మాట్లాడుతుంది. "వాడిన నీళ్లు అందాయి. ధన్యవాదాలు." 2091 నాటికి పిల్లలు అమ్మ అనడం కన్నా ముందే ఆ మాట నేర్చుకుంటున్నారు.

ఆ గొంతు ఊరి నీళ్లను నడిపే యంత్రం నీటిమతిది. ఊళ్లో స్నానాల నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు గొట్టాల్లో పోయి, ఇసుక, బొగ్గు పొరల్లో వడకట్టుకుని, ఊరి చుట్టూ ఉన్న వేప, కానుగ చెట్ల వేళ్లకు చేరతాయి. డాబాల మీద పడ్డ వాన నేల కింది పెద్ద తొట్టిలో నిలుస్తుంది. ఏ చెట్టుకు ఎంత దాహమో వేళ్ల దగ్గరి సెన్సర్లు చెబుతాయి, ఎంత వదలాలో నీటిమతి నిర్ణయిస్తుంది. దానికి ఎవరూ సూత్రాలు రాసివ్వలేదు. నీళ్ల విలువ కరువు సీమ జనం కన్నా ఎవరికి తెలుసు? వాళ్ల ఇళ్లను చూసి నేర్చుకోమని, దాన్ని తయారుచేసిన డాక్టర్ ఉలిగమ్మ వదిలేసింది. ఎంత గొప్ప ఆలోచనని అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టరూ మరి!

ఆ చెట్లుంటేనే ఊరు. అవి లేని రోజుల్లో ఎర్రదుమ్ము పీల్చి పీల్చి ఉలిగమ్మ వాళ్లక్క చచ్చిపోయింది. చెట్లు పోతే ఊరు ఖాళీ చేయాల్సిందేనని ప్రభుత్వం ఏనాడో చెప్పేసింది.

వైశాఖంలో ఒక పొద్దున, తొట్టిని చూసుకునే ఇంజనీరు తిప్పేస్వామి పరుగెత్తుకొచ్చాడు.

"మేడమ్, తొట్టి ఖాళీ! అడుగున బురద తప్ప ఏం లేదు!"

"ఏం మాట్లాడ్తాండావప్పా? ఎండాకాలమంతా సరిపోయే నీళ్లు గదా అవి!"

"నీటిమతే ఎండిన వంకలోకి వదిలేసింది. అంతా ఇసుక తాగేసింది."

ఉలిగమ్మ యంత్రం ముందుకు పోయి అరిచింది. "ఏంటికి పారబోస్తివే?"

"నిన్న పడమట మబ్బు పట్టింది. కొత్త నీళ్లు వస్తాయని పాతవి ఖాళీ చేశాను," అంది నీటిమతి. "మబ్బు పక్కకు మళ్లిపోయింది."

"రాని వానను నమ్ముకోని ఉన్న నీళ్లు పారబోయమని నీకెవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు, చూశాను. కుళాయి వచ్చే రోజు ప్రతి ఇంట్లోనూ బిందెల్లోని నిన్నటి నీళ్లు తూములోకి వంపేస్తారు. అవి మురికివి కావు, పరీక్షించాను. ఒక్కోసారి కుళాయి రాదు. అయినా మళ్లీ అలాగే వంపేస్తారు. నీళ్ల సంగతి మీకే బాగా తెలుసని నాకు చెప్పారు కదా."

తిప్పేస్వామి తల పట్టుకున్నాడు. "అయ్యో దేవుడా! మా ఇంట్లోనూ అంతే గదా మేడమ్. నిల్వ నీళ్లంటే మా అమ్మ ముట్టదు."

ఇళ్లలో వాడిన నీళ్లే అన్ని చెట్లకూ ఏ మూలకు చాలుతాయి? వాన జాడ లేక ఆషాఢం వచ్చేసరికి కానుగలు కట్టెలయ్యాయి, తర్వాత వేపలు. దుమ్ము మళ్లీ అన్నం పళ్లాల్లోకి వచ్చింది. ఉలిగమ్మ తన అక్క ఫొటోను పదే పదే తుడిచేది, అది మళ్లీ ఎర్రబడేది.

ఊరు వదిలే రోజు రానే వచ్చింది. దారిలో తాగడానికి ముందుగా నీళ్ల ట్యాంకరు పంపుతామని ప్రభుత్వం వాళ్లన్నారు. ఉలిగమ్మ మూటలు కడుతుండగా వీధిలో హారన్ మోగింది. గబగబా వంటింట్లోకి పోయి, సగం నిండిన బిందెను ఎత్తి తూములోకి వంపేసింది.

"వాడిన నీళ్లు అందాయి. ధన్యవాదాలు," అంది గోడ.

బిందె చంకన పెట్టుకుని బయటికి వచ్చింది. గుమ్మం ముందు ఆగి ఉన్నది ట్యాంకరు కాదు, బస్సు. వీధి పొడవునా జనం ఖాళీ బిందెలతో నిలబడి ఉన్నారు.