ఎడమ చేతి గ్లౌజు

మంగళవారం పొద్దున తొమ్మిదీ నలభైకి మార్క్ హెల్లర్ శవాన్ని పడవలోకి లాగారు.

అమెరికాలో మెయిన్ రాష్ట్రపు తీరం, ఫిబ్రవరి నెల, మూడు డిగ్రీల నీళ్ళు. అతని కుడి చేతి గ్లౌజు నిండా సముద్రమే. అక్కడి నుంచి డైవింగ్ సూట్‌లోకి పాకిన ఆ నీళ్ళు ముందు వేళ్ళని చంపాయి, తర్వాత మనిషిని. రాయి గీసుకుని గ్లౌజు చిరిగిందని రిపోర్టు రాశారు.

బుధవారం ఉదయం ఎనిమిదింటికి ఆ రిపోర్టు ప్రిస్సిల్లా చేతిలో ఉంది. మోరిస్‌విల్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కంపెనీ అని బోర్డున్న ఆఫీసు, కిటికీల్లేని గది. చదువుతుంటే ఆమె వేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. ఆ బోర్డు వెనకున్న గూఢచారి సెక్షన్‌లో చన్నీటి డైవింగ్ చేయగలవాళ్ళు ఇద్దరే. అందులో ఒకడు మార్క్.

"నెక్స్ట్ నువ్వే," అన్నాడు సెక్షన్ చీఫ్ దివాకర్. "హెరాన్ ముఠా సముద్రం అడుగున పవర్ కేబుల్‌కి ఒక పెట్టె తగిలించింది. రేపు పదకొండింటికి అది పేలితే ఐదు రాష్ట్రాల్లో కరెంటు పోతుంది. బయట మైనస్ ఇరవై. హాస్పిటల్స్ గురించి ఆలోచించు."

"రోబోని పంపొచ్చు కదా, సర్?"

"మోటార్ చప్పుడు దగ్గరికొస్తే ట్రిగ్గర్ అవుతుంది. మనిషే వెళ్ళాలి. మూత తీస్తే రెండు వైర్లుంటాయి, నీలం ఒకటి, పసుపు ఒకటి. దారమంత సన్నం. వేళ్ళకి స్పర్శ లేకపోతే పని అవదు."

"నీలం లాగాలి," అంది మూల కుర్చీలోంచి రాధారాణి.

ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద ఆమెకి పట్టుచీరల బొటీక్ ఉంది. నలభై దాటినా ఒకసారి చూసినవాళ్ళు మళ్ళీ తిరిగి చూసే మనిషి. హెరాన్ ముఠాకి సందేశాలు మోసే కొరియర్. ఆరు నెలలుగా సెక్షన్‌కి కూడా పనిచేస్తోంది. పెట్టె లోపలి డ్రాయింగ్ తెచ్చింది ఆమే.

"పసుపు లాగితే?" ప్రిస్సిల్లా అడిగింది.

"అప్పుడిక పదకొండు దాకా ఆగక్కర్లేదు బంగారం," అంది రాధారాణి, కోటుకి పెట్టుకున్న నెమలి బ్రూచ్ సర్దుకుంటూ.

మార్క్ వాడిన గ్లౌజులని దివాకర్ ఒక ప్లాస్టిక్ సంచిలో ఇచ్చాడు. "షాపులో చూపించు. ఇంతకంటే మంచివి తీసుకో."

విమానమెక్కి మధ్యాహ్నానికి వాళ్ళు మెయిన్ తీరంలో ఉన్నారు. రేవు దగ్గర డైవింగ్ సామాన్ల దుకాణంలోకి ప్రిస్సిల్లా ఒక్కతే వెళ్ళింది. కౌంటర్ వెనక అరవై అయిదేళ్ళ మనిషి రబ్బరు గొట్టం తుడుస్తున్నాడు.

"విశాఖలో అలలు ఎలా ఉన్నాయి, అంకుల్?"

"ఇక్కడికన్నా వెచ్చగా ఉన్నాయమ్మా," అన్నాడాయన. కోడ్ సరిపోయింది.

కేశవరావు ఒకప్పుడు ఇండియన్ నేవీలో డైవర్. ముప్ఫై ఏళ్ళుగా ఈ చలిలోనే ఉంటున్నా మాటలో విశాఖ పోలేదు. మార్క్ కుడి గ్లౌజులో నీళ్ళు నింపి, మూతి బిగించి, మెల్లగా పిండాడు. ఉంగరపు వేలి మొదట్లోంచి దారంలా నీళ్ళు చిమ్మాయి.

"రాయి చింపితే అంచు చిరుగులు చిరుగులుగా ఉంటాది. ఇది గుండ్రంగా ఉంది. ఇది సూదమ్మా. పడవలో ఎవరున్నారేటి?"

మార్క్‌తో పాటు పడవలో ఉన్నది ఇద్దరు. దివాకర్, రాధారాణి. రేపు తనతో రాబోయేదీ వాళ్ళే. పైవాళ్ళకి ఫోన్ చేస్తే ఆ ఫోన్ మొదట వెళ్ళేది దివాకర్‌కే.

"ఎవరికీ చెప్పకండి, అంకుల్. నాకు గ్లౌజులు కావాలి. నాకు చాలా భయంగా ఉంది."

"భయం ఉండనీ. చెయ్యి మాత్రం ఇలా ఇయ్యి."

ఆయన ముందు లైనర్ తొడిగాడు. ఒట్టి చేతికి సైజు చూసుకుంటే మోసపోతామని, లోపలి ఉన్ని గ్లౌజు వేసుకున్నాకే పై గ్లౌజు చూడాలని చెప్పాడు. మందపాటి లైనర్ హాయిగా ఉంది. కౌంటర్ మీద ఒక దారప్పోగు పెట్టి తీయమన్నాడు. ఆమె నాలుగుసార్లు ప్రయత్నించింది, తీయలేకపోయింది.

"వెచ్చగా ఉంటాది గానీ పనికి రాదు. సన్నది వేద్దాం. అరగంట దాకా చలికి ఆగుతాది."

సన్న లైనర్, దాని మీద మీడియం గ్లౌజు. పిడికిలి బిగించమన్నాడు, విప్పమన్నాడు. వేలి చివర్లలో ఖాళీ ఉందేమో గిల్లి చూశాడు. ఖాళీ ఉంటే పట్టు దొరకదు, మరీ బిగువైతే రక్తం ఆడక చలి తొందరగా ఎక్కుతుంది. ఈసారి దారప్పోగు మొదటిసారికే వచ్చింది.

సూట్ చేతికున్న గట్టి రింగులో గ్లౌజు రింగుని నొక్కితే టక్కున పడింది. మధ్యనున్న రబ్బరు చుట్టుని ఆయన రెండుసార్లు తుడిచాడు. దాని మీద ఒక్క వెంట్రుక ఉన్నా చాలు, నీళ్ళకి దారి దొరుకుతుంది.

చివరికి వేలెడు పొడవున్న సన్న గొట్టం తీశాడు. "ఇదీ అసలు సంగతి. మణికట్టు దగ్గర రబ్బరు పట్టీ కింద ఇది పెడితే సూట్‌లో గాలి గ్లౌజులోకి వస్తాది. చెయ్యి వెచ్చగా ఉంటాది, లోతులో నొక్కదు. కానీ గ్లౌజుకి చిల్లు పడితే అదే గొట్టంలోంచి నీళ్ళు సూట్‌లోకి వస్తాయి. మీవాడు అలాగే పోయాడు. పెట్టకపోతే గ్లౌజు నొక్కేస్తాది, కానీ నీళ్ళు మణికట్టు దాటవు."

రెండు చేతులకీ గొట్టం పెట్టుకోవాలనే అనుకుంది ప్రిస్సిల్లా. ఎవరికీ అనుమానం రాకుండా సామాను ఎప్పటిలాగే వ్యాన్‌లో పెట్టింది. వ్యాన్ తాళాలు దివాకర్ దగ్గర ఒకటి, రాధారాణి దగ్గర ఒకటి ఉన్నాయి.

గురువారం ఉదయం కేశవరావు రేవు దగ్గరికి బకెట్టుతో వచ్చాడు. రెండో గ్లౌజు ఎవరికి వారు తొడుక్కోలేరని, సాయానికి తానూ పడవ ఎక్కుతానని దివాకర్‌ని ఒప్పించాడు. మిగతా ఇద్దరూ లంగరు తాడు చూస్తుండగా గ్లౌజుల్లో గాలి నింపి బకెట్టులో ముంచాడు. కుడి గ్లౌజు బాగానే ఉంది. ఎడమ గ్లౌజు చూపుడు వేలి దగ్గర చిన్న బుడగ వచ్చింది. ఇంకోటి వచ్చింది.

ప్రిస్సిల్లా లంగరు వైపు ఓరగా చూసింది, వాళ్ళిద్దరూ ఇటు తిరగలేదు.

కేశవరావు జేబులోంచి ఇంకో ఎడమ గ్లౌజు తీశాడు. "నా పాతది. నీకు పెద్దదే. దీన్ని నేనే నమ్మను, అందుకే ఎడమ చేతికి గొట్టం వద్దు. నొక్కుతాది, ఓర్చుకో. కుడి చేత్తో పని చెయ్యి."

పది ముప్ఫై ఒకటికి ఆమె నీళ్ళలోకి దిగింది. మోటార్ ఆపేసిన పడవ తలపైన నల్లటి ఆకులా చిన్నదైపోయింది. చలికి బుగ్గలు మొద్దుబారాయి. అమ్మ చర్చిలో నేర్పిన ప్రార్థన చెప్పుకుందామంటే మొదటి మాటే గుర్తు రాలేదు. దాని బదులు వేళ్ళు లెక్కపెట్టుకుంది. కుడివి అయిదు, ఎడమవి అయిదు.

ఇరవై మీటర్ల దగ్గర ఎడమ గ్లౌజు చేతిని పట్టకారులా పట్టేసింది. కుడి చేతిలో మాత్రం గొట్టం పుణ్యమా అని కాస్త వెచ్చటి గాలి ఆడుతోంది. ఇరవై ఆరు మీటర్ల దగ్గర టార్చి వెలుగులో కేబుల్ కనిపించింది. దాని మీద జలగలా ఒక బూడిద రంగు పెట్టె, మూల మీద వెలుగుతున్న ఎర్ర చుక్క.

నాలుగు స్క్రూలు విప్పేసరికి పది యాభై రెండు. ఎడమ చేత్తో మూత ఎత్తి పట్టుకుంది. గ్లౌజు పెద్దది కావడంతో వేలి చివర మిగిలిన రబ్బరు మడత మూత సందులో ఇరుక్కుంది. లాగింది. చిరిగింది.

నీళ్ళు లోపలికి దూకాయి. కత్తితో కోసినట్టయింది. మార్క్‌కీ ఇలాగే మొదలై ఉంటుంది. మోచేతి దాకా, భుజం దాకా, గుండె దాకా నీళ్ళు వస్తాయని కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. రాలేదు. మణికట్టు దగ్గరే ఆగిపోయాయి. నిమిషంలో ఆ చెయ్యి తనది కానట్టయింది. ఆ మొద్దు చేతినే మూత కింద ఊతంగా దూర్చి కుడి చెయ్యి లోపల పెట్టింది.

నీలం, పసుపు. టైము పది యాభై ఎనిమిది.

నీలం అని చెప్పింది రాధారాణి. సూది గుచ్చింది ఆమే అయితే? డ్రాయింగే అబద్ధమైతే? వేళ్ళు పసుపు వైపు జరిగాయి.

అక్కడ ఆగింది. డ్రాయింగ్ అబద్ధమైతే గ్లౌజుకి సూది ఎందుకు? తప్పు వైరు లాగించడానికి డైవర్ బతికే ఉండాలి కదా. డ్రాయింగ్ నిజం. సెక్షన్ నమ్మాలని నిజమే ఇచ్చారు. అందుకే ఆ వైరు దాకా ఎవరూ చేరకుండా చంపుతున్నారు. గుచ్చింది దివాకర్ అయినా, రాధారాణి అయినా, లెక్క ఒకటే.

చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య నీలం వైరు సన్నగా, స్పష్టంగా తగిలింది. లాగింది.

ఎర్ర చుక్క ఆరిపోయింది. చేతికున్న డైవింగ్ కంప్యూటర్‌లో టైము పది యాభై తొమ్మిది నిమిషాల యాభై ఒక్క సెకన్లు. ఆమె ఇంకా తొమ్మిది సెకన్లు కదలకుండా చూసింది. ఏమీ కాలేదు. ఏడుపొచ్చింది.

పైకి తేలేసరికి పడవ అంచున ముగ్గురూ వంగి ఉన్నారు. నిచ్చెనని కుడి చేత్తో పట్టుకుంది. ఎడమ చెయ్యి నీళ్ళలోనే ఉంచింది.

"అయిందా?" అన్నాడు దివాకర్. అతని మొహం పాలిపోయి ఉంది.

రాధారాణి గబగబా ముందుకొచ్చింది. "పాపం బంగారం, ముందు ఆ ఎడమ చెయ్యి ఇలా ఇవ్వు. చచ్చుబడిపోయి ఉంటుంది."

నీళ్ళు పడవని మెల్లగా కొడుతున్నాయి.

"మార్క్‌కి పోయింది కుడి చెయ్యి," అంది ప్రిస్సిల్లా. పళ్ళు టకటక కొట్టుకుంటున్నా మాట మాత్రం స్పష్టంగా వచ్చింది. "నా ఎడమ గ్లౌజు సంగతి అంకుల్‌కీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. మీకెలా తెలిసింది, ఆంటీ?"

రాధారాణి చెయ్యి నెమలి బ్రూచ్ మీదికి వెళ్ళింది, అక్కడి నుంచి హ్యాండ్‌బ్యాగ్‌లోకి. బయటికి రాకముందే దివాకర్ ఆ మణికట్టు పట్టుకున్నాడు. బ్యాగ్‌లోంచి చిన్న పిస్తోలు పడవ అడుగున పడింది. కేశవరావు దాన్ని కాలితో తన వైపు జరుపుకున్నాడు.

"నన్నూ అనుమానించావా?" దివాకర్ అడిగాడు.

"మీ ఇద్దరినీ, సర్. సారీ."

"సారీ దేనికి? నేనైనా అదే చేసేవాణ్ణి."

రాధారాణి చేతులకి బేడీలు పడ్డాక కోటు కాలర్ పైకి లేపమని దివాకర్‌ని అడిగింది. చలేస్తోందట.

కేశవరావు ప్రిస్సిల్లాని దుప్పట్లో చుట్టి, ఎడమ చేతిని తన చంకలో పెట్టుకుని కూర్చున్నాడు. పావుగంటకి నొప్పి మొదలైంది. నొప్పి వస్తే మంచిదే, వేళ్ళు బతికే ఉన్నాయని అన్నాడు. ఆమె అయిదు వేళ్ళనీ ఒక్కొక్కటిగా కదిపి చూసుకుంది, గట్టిగా ఏడ్చింది. ఆయన వద్దనలేదు.

రేవుకి చేరేసరికి హెడ్‌క్వార్టర్స్ నుంచి డైరెక్టర్ ఫోన్. దివాకర్ స్పీకర్‌లో పెట్టాడు.

"పదకొండు దాటింది. ఎక్కడా కరెంటు పోలేదట?"

"లేదు సర్. ఎక్కడా పోలేదు."

"అయితే అంత ప్రమాదమేమీ లేదన్నమాట. ఇంత హడావుడి చేసి ఆ అమ్మాయిని నీళ్ళలోకి దింపడం అవసరమా?"

దివాకర్ ప్రిస్సిల్లా వైపు చూశాడు. ఆమె రెండు చేతులతో కాఫీ కప్పు పట్టుకుని ఇంకా వణుకుతోంది.

"సిగ్నల్ సరిగా లేదు సర్," అని ఫోన్ పెట్టేశాడు.